జిల్లా నుంచి ఐదు ఓంగ్‌లు

మా ఊరిపెద్ద సోమ్‌చిత్ గొంతు పోకపోయి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. ఆయన ఇంటి ముందు వెదురు గడకి కట్టిన లౌడ్‌స్పీకర్ ఉంది. కోడి కూసిన తరవాత కూసేది అదే. మైకు మీద వేలితో తట్టి, రెండుసార్లు దగ్గి, ఎవరి పంది తప్పిపోయింది, రబ్బరు ధర ఎంత, బడి కప్పు ఎప్పుడు నెయ్యాలి అన్నీ చదివి, చివర్లో సొంత హితబోధ ఒకటి తగిలించేవాడు. అది ఎంతకీ తెగేది కాదు. మేమంతా అన్నం ఉడికించుకుంటూ ఆ మాటల్ని నది చప్పుడులా చెవిన వేసుకుని వదిలేసేవాళ్ళం.

ఆ చలికాలం ఆయన గొంతులో జలుబు దిగి అక్కడే మకాం పెట్టింది. నోరు తెరిస్తే చిరిగిన డప్పు మోత. జిల్లా ఆసుపత్రిలో చూసి, పెదవి విప్పకుండా కొన్నాళ్ళు ఉండమన్నారు. ఆయన మెడలో బలపం, పలక వేలాడేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. మైకు పని కోడలు ఓన్‌సీ మీద పడింది.

ఓన్‌సీ మాది కాదు, కొండమీది ఖ్ము వాళ్ళ పిల్ల. సోమ్‌చిత్ కొడుకు బున్‌లోట్ పడవ నడుపుతాడు. ఉప్పు మూటలు దించడానికి వాగు మొగ దగ్గర ఆగినప్పుడల్లా ఈ పిల్లే వచ్చి మూటలు ఎత్తుకుపోయేదట. ఉప్పు అంత తరచుగా ఎవరికి కావాలో మాకు అప్పుడే అనుమానం వచ్చి ఉండాల్సింది. పెళ్ళై ఏడాదైంది. చదువుకున్న పిల్ల, గొంతు కమ్మగా ఉంటుంది, మా లావో భాష మాలాగే మాట్లాడుతుంది. తోకలొక్కటే రావు.

మా భాషలో ఏదీ ఊరికే రెండు, మూడు కాదు. అంకె వెనకాల ఒక తోక ఉండాలి. మనుషులకి ఖోన్, జంతువులకి తో, పడవలకీ వెదురు బొంగులకీ లాం, పళ్ళకీ గుడ్లకీ నువాయ్. పంతులు దానికేదో పొడుగాటి పేరు చెప్పేవాడు గానీ మాకు అది తోకే. తల్లిపాలతో వచ్చేస్తాయి కాబట్టి ఎవరూ నేర్పరు, ఎవరూ నేర్చుకోరు. ఓన్‌సీ వీటన్నిటి బదులూ ఒకే ఒక్క తోక పెట్టుకుంది: అన్. ముక్క, వస్తువు, అదీ ఇదీ, ఏదైనా సరే అన్. సంతలో దానితో పని జరిగిపోతుంది. మైకులో జరగదు.

మొదటి రోజు పొద్దున్నే ఆ తియ్యటి గొంతు ఊరంతా పరుచుకుంది. రేవులో పడవ ఒక అన్ కొట్టుకొచ్చి ఆగిందనీ, పందులు రెండు అన్ ఎవరివో మొక్కజొన్నలో పడ్డాయనీ, కొత్త పంతుళ్ళు మూడు అన్ బడికి వస్తున్నారనీ చదివింది. మా ఆయనకి ముద్ద గొంతుకి అడ్డం పడింది. పంతుళ్ళని పీటల్లా లెక్కపెట్టడం మేమెవరమూ ఎప్పుడూ వినలేదు. సాయంత్రానికల్లా పిల్లలు ఆమెకి అన్ వదిన అని పేరు పెట్టేశారు. ఆమె కూడా నవ్వింది. నా కొట్టుకి కిరసనాయిలు కోసం వచ్చి, సీసా చూపించి, దీని తోకేమిటక్కా అని తనే అడిగింది.

ఒక్క మాట మాత్రం నిజం. సోమ్‌చిత్ చదివినన్నాళ్ళూ వినని ఊరు, ఇప్పుడు వేలు నోట్లో పెట్టుకుని వినడం మొదలుపెట్టింది. ఏ తోక ఎక్కడ తప్పుతుందా అని కాచుకుని కూర్చునేవాళ్ళం. ఆ కాచుకోవడంలో టీకాల తేదీ, మీటింగు సమయం కూడా చెవిన పడేవి. సోమ్‌చిత్ పలక మీద 'వింటున్నారు' అని రాసి నాకు చూపించి మురిసిపోయాడు.

నవ్వనిదల్లా ఆయన భార్య వన్‌దీ. పెళ్ళికైనా, పురుడుకైనా అరిటాకు దొన్నెలు కుట్టి పూలగోపురం నిలబెట్టాలంటే మా ఊళ్ళో వన్‌దీ చెయ్యి పడాల్సిందే. నోరు కూడా అంతే చురుకు. కొడుకు కొండపిల్లని చేసుకుంటానన్నప్పుడు కాదనలేదు, అసలేమీ అనలేదు. వన్‌దీ ఏమీ అనలేదంటే అర్థమేమిటో మా అందరికీ తెలుసు. ఇప్పుడు ఆ ఇంటి పరువు వెదురు గడెక్కి రోజూ పొద్దున్నే ఊరంతా వినపడుతోంది.

కొన్నాళ్ళకి ఓన్‌సీ కష్టపడి మనుషుల తోక పట్టుకుంది. పట్టుకున్న ఉత్సాహంలో ఒక ఉదయం, గుడిలో భిక్షువులు రెండు ఖోన్ ఉన్నారు, భిక్ష పెట్టేవాళ్ళు అన్నం సరిపడా తీసుకురండి అని చదివింది. వన్‌దీ మిరపకాయలు దంచుతోంది. నేను పక్కనే ఉన్నాను. రోకలి గాల్లోనే ఆగింది. కోడలు మెట్లు దిగి వచ్చేదాకా అలాగే పట్టుకుని ఉంది.

"బుద్ధుడి బిడ్డల్ని పట్టుకుని సంతలో మనుషుల్లా లెక్కపెట్టావేమే," అంది. "వాళ్ళు ఓంగ్. విగ్రహం ఓంగ్, రాజు ఓంగ్, స్వాములు ఓంగ్. పెద్దవాళ్ళని ఎప్పుడూ తగ్గించి లెక్కపెట్టకు. ఎక్కువైతే తప్పులేదు. తక్కువైతేనే పాపం."

ఓన్‌సీ తల వంచుకుని విన్నది. విన్నది మనసులో పెట్టుకుంది కూడా.

ఆ రోజు నుంచి వంటింట్లో బడి మొదలైంది. కోడలు ఏది అడిగినా సరైన తోకతో అడగాలి, లేకపోతే వస్తువు చేతికి రాదు. నువాయ్ అంటేనే గుడ్డు. అరటిపళ్ళకి తోక దువ్వెన అని తెలిసినప్పుడు ఓన్‌సీ అరటిపళ్ళ హస్తాన్ని తలకి ఆనించి దువ్వుకున్నట్టు నటించింది, వన్‌దీ మొహం తిప్పుకుంది గానీ భుజాలు కదలడం నేను చూశాను. గొడుగు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. గొడుగుకీ, కారుకీ ఒకటే తోక, ఖాన్.

"అదెలాగమ్మా," అంది ఓన్‌సీ. "ఒకటి నెత్తిమీద ఉంటుంది, ఒకదాంట్లో మనం ఉంటాం."

"రెండింటికీ పట్టుకునేది ఉంటుంది. పట్టుకున్నవాడు ఎటు తిప్పితే అటు పోతాయి."

"అలా అయితే మామయ్యక్కూడా ఖానే."

సోమ్‌చిత్ పక్కగదిలో ఉన్నాడు. నవ్వితే గొంతు నొప్పి అని నోరు రెండు చేతులతో మూసుకున్నాడు. వన్‌దీ కోపం నటిస్తూ గొడుగు తీసుకుని బయటికి పోయింది, వాన లేకపోయినా.

ఇలా ఉండగా ఒక సాయంత్రం జిల్లా నుంచి ఫోన్ వచ్చింది. సోమ్‌చిత్ మాట్లాడలేడు కాబట్టి ఓన్‌సీయే తీసింది. పశువుల డాక్టర్లు మర్నాడు వస్తున్నారు, మొత్తం ఐదుగురు. గేదెలకీ పందులకీ గురకవ్యాధి సూదులు, కోళ్ళకి కొక్కెర తెగులు మందు. గేదెల్ని కట్టెయ్యాలి, కోళ్ళని గంపల కింద మూసి ఉంచాలి, అందరూ గుడి సావడి దగ్గరికి రావాలి. ఓన్‌సీ మామగారికి సంగతి చెప్పి మైకు దగ్గరికి వెళ్ళింది. వెళ్ళే ముందు ఆలోచించింది. జిల్లా నుంచి వచ్చేవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, పైగా ఒకరు ఆఫీసుకే పెద్ద. ఖోన్ అంటే తక్కువైపోతుందేమో. ఎక్కువైతే తప్పులేదు కదా.

"రేపు పదిన్నరకి జిల్లా నుంచి పెద్దలు ఐదు ఓంగ్ మన ఊరికి వస్తున్నారు. అందరూ తప్పకుండా గుడి సావడి దగ్గరికి రావాలి," అని చదివింది.

అక్కడ కరెంటు పోయింది.

గదిలో దీపం ముందే వెలిగించుకుని ఉండడంతో ఆమెకి ఆ సంగతి తెలియలేదు. గేదెలు, కోళ్ళు, పందులు, గంపలు అన్నీ తోకలతో సహా తప్పులేకుండా చదివి, మైకు ఆపి, సంతోషంగా లేచింది. ఆ మిగతా భాగం విన్నది ఆ గదిలో బల్లి ఒక్కటే.

బయట మేము విన్నది ఐదు ఓంగ్ అని. ఓంగ్ అంటే ఇంకెవరు? బుద్ధ విగ్రహాలు నడిచి రావు, రాజులు ఇప్పుడు లేరు. జిల్లా నుంచి పెద్ద భిక్షువులు ఐదుగురు, అదీ సరిగ్గా భిక్ష వేళకి, మధ్యాహ్నం దాటితే స్వాములు ముద్ద ముట్టరు. వన్‌దీ ఆ పూట ఇంట్లో లేదు. వాగు అవతల చెల్లెలి కూతురు ప్రసవించి, మా ఆచారం ప్రకారం కింద నిప్పులు పెట్టిన బాలింత మంచం మీద ఉంటే తోడు వెళ్ళింది. అక్కడే విని, అక్కడి నుంచే కబురు మీద కబురు పంపింది. చదివిన ఇంటికి వేరే చెప్పాలా అని తన ఇంటికి మాత్రం పంపలేదు. ఎవరింట్లో చేపలు ఆకుల్లో చుట్టి ఆవిరి మీద పెట్టాలో, ఎవరు కొరివికారం నూరాలో, ఎవరి చాపలు శుభ్రంగా ఉంటాయో అన్నీ ఆమే తేల్చింది. నాకు పూల వెండిగిన్నెలు తోమే పని పడింది. కేసోన్ కొట్లో చింతపండు ఉందిగా, దాన్నే అడగండి అని నా పేరు చెప్పిందట.

తెల్లారేసరికి ఊరు పెళ్ళివారిల్లు. ఓన్‌సీ, బున్‌లోట్ అప్పటికే నది దాటి అవతలి మెరకలో మేస్తున్న తమ గేదెల్ని తోలుకురావడానికి వెళ్ళిపోయారు. ఇంట్లో సోమ్‌చిత్ ఒక్కడే. ఆడవాళ్ళు పట్టు చీరగుడ్డలు కట్టుకుని, భుజాన వల్లెవాటు వేసుకుని, పళ్ళాలు పట్టుకుని సావడివైపు పోతుంటే ఆయన గుమ్మంలోంచి బయటికి ఉరికి చేతులు ఊపాడు. పలక మీద పెద్ద అక్షరాలతో 'గేదెలు' అని రాసి ఎత్తి చూపించాడు.

అందరం ఆగి చదివాం. బువాంగెన్ పెదవి విరిచింది. ఆమెకీ వన్‌దీకీ చిన్నప్పటి నుంచీ పోటీ.

"స్వాముల కోసం గేదెని కొయ్యమంటున్నాడు ఈయన. జలుబు తలకెక్కింది," అని ముందుకు నడిచింది.

సోమ్‌చిత్ అది చెరిపేసి 'డాక్టర్లు' అని రాశాడు. పాపం గొంతు ఇంకా నొప్పి కాబోలు అనుకుని, భిక్ష అయ్యాక జిల్లాకి తీసుకెళ్తామని చెప్పి మేము వెళ్ళిపోయాం.

గుడిలో మా పెద్ద భిక్షువు ముసలాయన, ఆయనకి ముందుగా ఏ కబురూ లేదు. ఎందుకు చెప్పలేదో అని కాసేపు ఆలోచించి, చెప్పకుండా వచ్చేవాళ్ళూ ఉంటారులే అని డోలు కొట్టించారు. రేవు నుంచి సావడి దాకా దారికి అటూ ఇటూ చాపలు పరిచి, పూలు పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చున్నాం. ముసలివాళ్ళు ముందు, పసిపిల్లల తల్లులు వెనక. వన్‌దీ వాగు దాటి తిన్నగా అక్కడికే వచ్చేసింది.

పడవ వచ్చింది. అందులోంచి నీలం రంగు ఐసు పెట్టెలు దిగాయి. తరవాత మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకున్న కుర్రాళ్ళు నలుగురు దిగారు. చివర్లో ఒక ఆవిడ, చేతిలో సూదుల డబ్బాతో. దారి పొడుగునా ఊరంతా చేతులు జోడించి వంగింది. ముందున్న కుర్రాడు కంగారుపడి తనూ చేతులు జోడించాడు, ఐసు పెట్టె కాలి మీద పడింది.

మేము వాళ్ళ భుజాల మీదుగా పడవలోకి చూస్తున్నాం. ఖాళీ. నేను ఉండబట్టలేక, స్వాములు వెనక పడవలో వస్తున్నారా అని అడిగాను.

"ఏ స్వాములు?" అంది ఆవిడ. ఆమె పేరు డాక్టర్ వియెంగ్‌సమోన్ అని తరవాత తెలిసింది. "మేము గేదెలకి సూదులు వెయ్యడానికి వచ్చాం. ఇంత మర్యాద ఏ ఊళ్ళోనూ చెయ్యలేదమ్మా మాకు."

సరిగ్గా అప్పుడే రేవు పక్క నుంచి బురద ఓడుతున్న గేదెలు ఎక్కి వచ్చాయి, వాటి వెనక నడుము దాకా తడిసిన ఓన్‌సీ. పట్టుబట్టలు, పూలు, మోకాళ్ళ మీద ఊరు, మధ్యలో రబ్బరు బూట్లు. ఒక్క చూపులో ఆమెకి అంతా అర్థమైందని నాకు తెలిసింది, ఎందుకంటే చేతిలో కర్ర జారిపోయింది. చెవులు ఎర్రగా కందిపోయాయి. వెనక్కి తిరిగి మళ్ళీ నదిలోకి వెళ్ళిపోతుందేమో అనిపించింది.

బువాంగెన్ ఇలాంటి పూట కోసమే బతుకుతుంది. "వన్‌దీ," అంది అందరికీ వినపడేలా, "నీ కోడలు పశువుల డాక్టర్లకి సన్యాసం ఇప్పించేసింది. అందులో ఒకావిడక్కూడా."

వన్‌దీ లేచి చీరగుడ్డ దులుపుకుంది. "ఒకణ్ణి భిక్షువుని చెయ్యాలంటే పదిమంది స్వాములు కూర్చుని పూటంతా మంత్రాలు చదవాలి. నా కోడలు ఐదుగుర్ని ఒక్క ముక్కతో చేసేసింది. నీ కోడలికి చేతనైతే చెయ్యమను."

కుర్రాళ్ళలో ఒకడు ఫక్కున నవ్వాడు. ఓన్‌సీ మాత్రం నవ్వలేదు. అత్తగారి దగ్గరికొచ్చి, నీళ్ళు కారుతున్న బట్టలతోనే నిలబడి, నెమ్మదిగా అంది:

"ఎక్కువైతే తప్పులేదన్నావు కదమ్మా."

వన్‌దీ ఆమెని చూసింది. ఊరంతా వన్‌దీని చూసింది. 'నేననలేదు' అనేస్తే అక్కడితో పోయేది. ఆ రోజు ఆ మాట విన్నది ఓన్‌సీ, నేనూ మాత్రమే, నేను సాక్ష్యానికి వెళ్ళేదాన్ని కాదు.

"అన్నాను," అంది వన్‌దీ. తరవాత ఊరివైపు తిరిగి, "నేనే చెప్పాను దానికి. నేను చెప్పినట్టే చేసింది," అని, తన భుజం మీది పట్టు వల్లెవాటు తీసి కోడలి తడి భుజాల మీద కప్పింది.

సావడి మెట్ల మీద నిలబడ్డ పెద్ద భిక్షువుకి దగ్గు వచ్చిందనుకున్నాం. కాదు, నవ్వు. తేరుకున్నాక, జబ్బు ఆపడానికి వచ్చినవాళ్ళకి కాస్త గౌరవం ఎక్కువైతే తనకేమీ తగ్గిపోదనీ, కాకపోతే వాళ్ళ చేత భిక్షువుల వానాకాలం దీక్ష మాత్రం పట్టించవద్దనీ అన్నారు. వండింది వండారు, పొద్దెక్కుతోంది, గుడివాళ్ళం మేము తింటాం, మిగిలింది మీరూ వచ్చినవాళ్ళూ కలిసి తినండి అని తేల్చేశారు.

ఈలోగా కరెంటు వచ్చింది. ఓన్‌సీ ఎవరూ చెప్పకుండానే మైకు దగ్గరికి పరిగెత్తింది. వచ్చినవాళ్ళు ఐదు ఖోన్ అనీ, ఓంగ్ కాదనీ, తప్పులో సగం తనదనీ సగం కరెంటుదనీ చెప్పింది. గేదెలు తో, పందులు తో, కోళ్ళు తో, ఎన్ని తో ఉంటే అన్ని తో సావడికి తీసుకురండి, పట్టుబట్టలు మాత్రం మార్చుకుని రండి అంది.

మార్చుకునే తీరిక ఎవరికి ఉంది? పెళ్ళిబట్టల్లో ఆడవాళ్ళు కోళ్ళ వెంట పరుగులు. బువాంగెన్ వల్లెవాటుతోనే వలలా విసిరి పుంజుని పట్టింది, అది నిజంగా మెచ్చుకోవాలి. గేదెలు సాయంత్రానికల్లా అయిపోయాయి. కోళ్ళు పగలు దొరికే జాతి కాదు. చీకటి పడ్డాక దండెం మీద కునికినప్పుడే పట్టాలి. అందుకని డాక్టర్లు ఆ పూట ఉండిపోయారు. ఇంకేముంది, భిక్షకని చేసిన వంటలు పోను మళ్ళీ వండాల్సి వచ్చింది. కాలు వాచిన కుర్రాడికి వన్‌దీ పసుపు పట్టువేసింది. అతన్ని వాళ్ళ జట్టువాళ్ళే స్వామీ అని పిలవడం మొదలుపెట్టారు.

వెళ్ళేటప్పుడు డాక్టర్ ఒక మాట చెప్పింది. ఏ ఊరికి వెళ్ళినా సగం ఇళ్ళవాళ్ళు రారట. ఒకరు అడవికి పోతారు, ఒకరికి సూదంటే అనుమానం. ఇక్కడ ఒక్క గేదె కూడా తప్పించుకోలేదు, ఎందుకంటే ఊళ్ళో ఒక్క మనిషి కూడా ఆ రోజు పనికి పోలేదు. ఆ వానాకాలం దిగువ ఊళ్ళలో గురకవ్యాధి తిరిగింది. ఏట్లో ఉబ్బిన కళేబరాలు పోతుంటే మా ఒడ్డున నిలబడి చూశాం. మా గేదెలు వెనక నిలబడి నెమరు వేస్తున్నాయి. బువాంగెన్ దానికి గుడి మహిమ అని పేరు పెట్టింది. ఎవరూ వాదించలేదు.

సోమ్‌చిత్ గొంతు బాగుపడింది. ఒక పొద్దున మైకు తట్టి, రెండుసార్లు దగ్గి మొదలుపెట్టాడు. ఆ రోజు మా కొట్టుకి వచ్చిన ప్రతి ఒక్కరూ, కోడలికి ఒంట్లో బాగాలేదా అని అడిగి వెళ్ళారు. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నాడు. తరవాత, పొద్దున్నే మాట్లాడకుండా వేడి కాఫీ తాగడంలో ఉన్న సుఖం ఇన్నేళ్ళూ తెలియలేదని మా ఆయనతో అన్నాడు. ఓన్‌సీయే చదువుతోంది. ఇప్పుడు తోకలు దాదాపు అన్నీ వచ్చు. అప్పుడప్పుడూ ఒకటి తప్పుతుంది గానీ, ఊరు నిద్రపోతోందనిపించినప్పుడు కావాలనే తప్పుతుందని నా అనుమానం.

మొక్కజొన్న కోతలయ్యాక వన్‌దీ కొండెక్కింది. పెళ్ళైనప్పటి నుంచీ వియ్యంకుల ఇల్లు చూడలేదు. మోకాళ్ళ నొప్పి అనేది. ఇప్పుడు అవే మోకాళ్ళతో, బున్‌లోట్ చెయ్యి పట్టుకుని, దారి పొడుగునా కోడలి దగ్గర ఖ్ము మాటలు అడుగుతూ వెళ్ళిందట. ఒకటి, రెండు, మూడు దాకా వచ్చి, పైకి వెళ్ళేసరికి ఒగర్పులో అవీ మరిచిపోయింది. అయినా ఓన్‌సీ తల్లి ముందు ధైర్యంగా ఏదో అనేసింది. ఏమందో ఎవరూ చెప్పరు, ఆ ఇంట్లో అందరూ నేలమీద దొర్లి నవ్వారు అన్నది మాత్రం బున్‌లోట్ చెప్పాడు. వన్‌దీ అలిగి ఒక మూల కూర్చుంది. వియ్యపురాలు సారా జాడీ తెచ్చి ముందు పెట్టి, పీల్చుకునే వెదురు గొట్టం తుడిచి చేతికిచ్చింది. వాన పట్టుకుంది, దారి జారుడు, ఇంకో పూట ఉండండి అన్నారు. ఆ పూట ఇంకో పూటకి దారితీసింది.

వాళ్ళు దిగివచ్చినప్పుడు నేను రేవులో బట్టలు ఉతుకుతున్నాను. బున్‌లోట్ వీపు మీద బుట్టలో పందిపిల్ల అరుస్తోంది. వన్‌దీ జుట్టు రేగిపోయి ఉంది, బట్టలకి పొగవాసన. ఎలా ఉందక్కా ప్రయాణం అని అడిగాను. విత్తనాలప్పుడు మళ్ళీ వెళ్తున్నానని చెప్పింది, గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంటూ.